తొట్రుపడు ఇంజను

రేడియో ముందు కూర్చుండి కచేరి వినుచుండగా వీధిలో పాత కారొకటి పోయినప్పుడు గరగరమను శబ్దము అడ్డు వచ్చుట మీలో పెక్కుమంది ఎరిగినదే. అది ఆ కారు ఇంజనులో నిప్పురవ్వలు పుట్టుటవలన కలుగు అలజడి. ఆ రవ్వ వేళకు పుట్టవలెను. దానికి తగుపాళ్లలో పెట్రోలు ఆవిరియు గాలియు అందవలెను. ఆ మిశ్రమమును పిస్టను గట్టిగా అదిమి పట్టవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను ఇంజను తొట్రుపడును. మన పనివారు దీనినే ‘మిస్సింగు’ అందురు. ఇంటివద్దనే విప్పి, బాగుచేసి, మరల కూర్చిన ఇంజను ఇట్లు తొట్రుపడినచో కారణమును కనుగొను మార్గమేదో నేడు విచారింతము.

1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు వచ్చినది. ఆ తరువాత తిరుపతి చుట్టుపట్ల మోటారు బండ్లును, వాటిని బాగుచేయు షెడ్లును పెరుగుచు వచ్చినవి. చాలకాలము ఈ దారులన్నిటను అంబాసిడరు కారుదే పైచేయి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు దానికి మాతృక. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో 1950ల చివరినుండి 2014 వరకు దానిని నిర్మించిరి. దాని ఇంజనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1489 ఘనపు సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. నిర్మాణము నిలిచినను, అభిమానముతో ఆ కారును కాపాడుకొనువారు నేటికిని ఉన్నారు. అయితే పదునైదేండ్లు దాటిన సొంత కారుకు ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. నల్లపొగ క్రక్కుచు, కూడలి కూడలికి ఆగిపోవు బండిని పరీక్షాధికారి ముందు నిలుపుట ఎట్లు?

తిరుచానూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట సరిగా ఇదే చిక్కు వచ్చినది. ఆయన కుమారుడు తండ్రి కారును పెరటి కొట్టములో విప్పి, తిరుపతిలో బోరు వేయించి, కొత్త రింగులు, బేరింగులు అమర్చి, వాల్వులు అరగదీసి, మూడు నెలల సెలవుదినములు వెచ్చించి మరల కూర్చెను. సెల్ఫు కొట్టిన వెంటనే ఇంజను పలికినది. కాని స్లోలో నిలిపినప్పుడు బానెట్టు వణకుచుండెను. గేరు కడ్డీ ఊగుచుండెను. బండి రేణిగుంట రోడ్డుమీద వేగము పట్టినప్పుడు మాత్రము తొట్రుపాటు చాలవరకు తగ్గుచుండెను. చూడవచ్చినవారు తలకొక మాట చెప్పిరి. ఒకరు కాయిలు మార్చుమనిరి, మార్చిరి. ఒకరు ప్లగ్గులు మార్చుమనిరి, మార్చిరి. వేరొకరు పెట్రోలు చాలుట లేదనిరి. కుమారుడు కార్బురేటరు క్రింది నట్టు త్రిప్పి పెట్రోలు పెంచెను. పొగ నల్లబడినదే గాని వణకు పోలేదు. తుదకు, ‘రింగులు తప్పు వేసినారు, ఇంజను మరల విప్పవలెను’ అను మాట వచ్చెను. తండ్రి విసిగి, పాత ఇనుముకు అమ్మివేయుదుననెను. కొడుకు మాటాడలేదు.

అప్పుడు పిలువబడిన ముసలి పనివాడు స్పానరు ముట్టలేదు. ‘సామీ, ఇంజను తన బాధ తానే చెప్తా ఉండాది. మనం ముందు వినాల’ అనెను. విప్పుట చేతిపని, వినుట బుద్ధిపని. ఆయన అనుసరించిన క్రమమునే మీకు వివరింతును.

మొదటి ప్రశ్న: తొట్రుపాటునకు లయ ఉన్నదా, లేదా? నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరు 400 సార్లు మండును. వాటిలో ఒకటి మండనిచో, కుంటివాని నడకవలె ఒకే లయలో కుదుపు వచ్చును. లయలేక ఇష్టము వచ్చినట్లు తప్పుచున్నచో, దోషము నాలుగింటికి ఉమ్మడియైన చోట, అనగా పాయింట్లలోనో, కండెన్సరులోనో, కాయిలులోనో, పెట్రోలు సరఫరాలోనో ఉండునని ఊహింపవచ్చును. సైలెన్సరు చివర అరచేయి కొంత ఎడముగా పట్టినను ఈ భేదము తెలియును. ఈ కారులో కుదుపునకు లయ ఉన్నది. కనుక కాయిలు కొనుట వ్యర్థవ్యయమని అప్పుడే తేలినది.

రెండవ ప్రశ్న: ఏ సిలిండరు సోమరి? ఇంజను నడచుచుండగా, రబ్బరు పిడి గల పట్టకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా తీసి, తీగ కొనను ఇంజను లోహమునకు ఆనించి ఉంచవలెను. పనిచేయు సిలిండరు తీగ తీసినచో ఇంజను నీరసించును. సోమరి సిలిండరు తీగ తీసినచో ఏ మార్పును ఉండదు. ఈ తీగలలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ఉండును గనుక వట్టిచేతితో ముట్టరాదు. కంప్యూటరు నడపు నేటి కార్లకు ఈ పరీక్ష తగదు. వాటికి స్కానరు వేరుగా ఉన్నది. ఈ ఇంజనులో ఒకటి, రెండు తీగలు తీసినప్పుడు ఇంజను ఆగిపోబోయెను. మూడు, నాలుగు తీగలు తీసినప్పుడు మార్పు మిక్కిలి స్వల్పము.

ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి నీరసించుట గొప్ప ఆధారము. దీనికి మూడు కారణములు ఉండవచ్చును. మొదటిది, తీగలు తారుమారగుట. ఈ ఇంజను మండు వరుస 1, 3, 4, 2. డెల్కో మూతిమీద, రోటరు తిరుగు దిశలో, ఇదే వరుసన తీగలు ఉండవలెను. రెండు తీగలు మారినచో ఆ రెండు సిలిండర్లును అకాలమున రవ్వ పొంది, కార్బురేటరులోనికో సైలెన్సరులోనికో పేలుడు చప్పుడు చేయును. ఇక్కడ పేలుళ్లు లేవు, వరుస సరిగానే ఉన్నది. డెల్కో అర్ధచుట్టు తప్పి కూర్చినచో ఇంజను అసలే నడువదు; ఇది నడచుచున్నది గనుక ఆ సందేహమును విడిచిరి.

రెండవ కారణము, రెండు సిలిండర్ల నడుమ హెడ్డు గాస్కెట్ తెగుట. దీనికి కంప్రెషను గేజి సాక్ష్యము చెప్పును. ఇంజను వేడెక్కిన పిమ్మట నాలుగు ప్లగ్గులు తీసి, కాయిలు తీగ విడదీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫు కొట్టి కొలువవలెను. నాలుగింటి మధ్య భేదము పదింట ఒక వంతునకు మించకున్న చింత లేదు. ప్రక్కప్రక్క రెండింటికి ఒత్తిడి పడిపోయినచో గాస్కెట్‌ను అనుమానింపవలెను. ఒక్కదానికే తగ్గినచో చెంచాడు ఇంజనునూనె పోసి మరల కొలువవలెను. ఒత్తిడి పెరిగినచో దోషము రింగులది, పెరుగనిచో వాల్వులది. నాలుగింటికిని సమముగా తగ్గినచో, టైమింగు చెయిను ఒక పన్ను తప్పినదేమో చూడవలెను. ఇక్కడ నాలుగింటి ఒత్తిడియు ఇంచుమించు సమముగా, చక్కగా ఉన్నది. కొడుకు వేసిన రింగులు నిర్దోషులు. ఇంజను విప్పవలెనను మాట అంతటితో ముగిసినది.

మిగిలినది మూడవ కారణము. దానిని ప్లగ్గులే చూపినవి. మొదటి రెండు ప్లగ్గుల మొనలు మసిబారి కాటుకవలె ఉన్నవి. తక్కిన రెండును సున్నము పూసినట్లు తెల్లగా ఉన్నవి. నల్లని ప్లగ్గు పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లని ప్లగ్గు గాలి ఎక్కువైనదనియు చెప్పును. ఒకే కార్బురేటరు నాలుగింటిని పోషించుచుండగా ఈ పక్షపాతమేల? ఈ ఇంజను హెడ్డు నిర్మాణములో దానికి జవాబున్నది. ఇందు నాలుగు సిలిండర్లకు గాలి పోవు ద్వారములు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒక ద్వారము. మూడు, నాలుగింటికి మరియొకటి. రెండవ ద్వారము వద్ద మానిఫోల్డు సరిగా అతుకక, సందునుండి దొంగగాలి పోవుచున్నచో మూడు, నాలుగు సిలిండర్లు మాత్రమే నీరసించును. స్లోలో లోపలి పీల్పు అధికము గనుక దొంగగాలి ప్రభావము అప్పుడే ఎక్కువ. వేగము పెరిగి మూత తెరచుకొన్న కొలది పీల్పు తగ్గి ఆ ప్రభావమును తగ్గును. రేణిగుంట రోడ్డుమీది తీరుతో ఇది సరిపోయినది.

ఊహకు నిదర్శనము కావలెను గదా! ముసలి పనివాడు నూనెడబ్బాతో మానిఫోల్డు అతుకు పొడవునను ఇంజనునూనె చుక్కలు వేయుచు పోయెను. రెండవ ద్వారము వద్దకు రాగానే నూనె లోనికి పీల్చుకొనబడి, ఇంజను క్షణకాలము నిలకడగా తిరిగి, సైలెన్సరున నీలిపొగ పలుచగా వెలువడెను. ఇందుకు పెట్రోలు గాని కిరోసిను గాని ఎన్నడును వాడరాదు. వేడి సైలెన్సరు గొట్టము ప్రక్కనే ఉన్నది. మానిఫోల్డు ఊడదీసి చూడగా, హెడ్డు ముఖముమీద పాత గాస్కెట్ తునక గోరంత గీకక మిగిలియున్నది. కొత్త గాస్కెట్ దానిపై కూర్చుండి సందు విడిచినది. ముఖము శుభ్రపరచి, వేరొక గాస్కెట్ వేసి, నట్లు నడుమనుండి చివరలకు కొంచెము కొంచెముగా బిగింపగా పని ముగిసినది.

ఇంత చిన్న తునకకు ఇంజను మరల విప్పియుండినచో ఎంత నష్టము! అంతకంటె పెద్ద అపాయము మరియొకటి తప్పినది. దొంగగాలిని కప్పిపుచ్చుటకు పెంచిన పెట్రోలు మొదటి రెండు సిలిండర్ల గోడలమీది నూనెపొరను కడిగివేయుచుండును. కొత్త రింగులు బోరుతో ఇంకను పొందిక కుదురని దినములలో ఇట్టిది జరిగినచో బోరు గీతలు పడును. నూనె పలుచబడి బేరింగులకును చేటు కలుగును. భాకరాపేట ఘాటులో కుటుంబమంతయు కారులో ఉండగా బండి ఆగిపోవుట వేరొక భయము. రోగమెరుగక చేసిన చికిత్స రోగముకంటె కీడు.

సరిచూచుటకును ఒక వరుస ఉన్నది. ముందు ట్యాపెట్లు, పిదప పాయింట్లు, ఆ పిదప రవ్వ వేళ, చిట్టచివరకు కార్బురేటరు. పాయింట్ల సందు మారినచో రవ్వ వేళ మారును. ఈ రెండును కుదురనిదే కార్బురేటరును కుదుర్చుట అసాధ్యము. ఈ ఇంజనుకు ట్యాపెట్ల సందు అంగుళములో వేయింట 15 వంతులు, అనగా 0.38 మిల్లీమీటరు. పాయింట్ల సందును ఇంచుమించు అంతే. ప్లగ్గుల సందు వేయింట 25 వంతులు. ట్యాపెట్లకు ‘తొమ్మిది’ అను సులభసూత్రము గలదు. ఒకటవ వాల్వు పూర్తిగా తెరచుకొన్నప్పుడు ఎనిమిదవదానిని, రెండవది తెరచుకొన్నప్పుడు ఏడవదానిని, ఇట్లు రెండును కలిసి తొమ్మిది అగునట్లు చూడవలెను. కొత్తగా కూర్చిన ఇంజనుకు హెడ్డు బిగింపును, ట్యాపెట్లను కొన్నివందల కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల సరిచూడవలెను.

ఇంధనమును గూర్చి ఒక మాట. మనదేశమున 2000 నుండి పెట్రోలులో సీసము కలుపుట లేదు. 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతట వ్యాపించినది. ఇథనాలు మండుటకు పెట్రోలుకంటె తక్కువ గాలి చాలును. కనుక పాత కొలతకు అమర్చిన కార్బురేటరు కొత్త ఇంధనముతో కొంత పలుచని మిశ్రమము ఇచ్చును. నాలుగు ప్లగ్గులును సమముగా తెల్లబడినచో దొంగగాలిని వెదకుటకు ముందు దీనిని తలపవలెను. పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపు పొరను ఇథనాలు మెత్తబరచి చెరచును గనుక వాటిని మార్చుట క్షేమము.

కడపటి హెచ్చరిక. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయగలదు. తలుపులు బార్లా తెరచి, బండి ముక్కు లోపలికి, సైలెన్సరు బయటికి ఉండునట్లు నిలుపవలెను. పంచెకొంగు, చీరకొంగు ఫ్యానుకు దూరముగా దోపుకొనవలెను. పిల్లలను దరికి రానీయరాదు.

ఇంటిలో ఇంజను కూర్చువారు జ్ఞాపకముంచుకొనవలసినది ఇంతే. కొత్తగా కూర్చిన ఇంజనులో దోషము తరచుగా కడపట చేయి పెట్టిన చోటనే ఉండును. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చుగల మార్పు వెనుక చేయవలెను. ఒక సమయమున ఒక్క మార్పే చేసి, ఫలితమును కాగితముమీద వ్రాసికొనవలెను. ఇట్లు నడచినచో పాత బండ్లు ఇనుము కొట్లకు పోవు అవసరము తగ్గును; ఇంటి పిల్లవాని మూడు నెలల శ్రమయు నిలుచును.