పేషెంటు ఒంట్లోంచి వచ్చే కిరణం



1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. కిరణాలు మాంసంలోంచి దూసుకుపోయి ఎముక దగ్గర ఆగిపోయాయని జనం అనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటారు. ఈరోజు రేడియోగ్రఫీ పట్టా అందుకుంటున్న మీరు అలా అనుకుంటే మాత్రం కుదరదు. మాంసంలోనూ కొన్ని ఆగుతాయి, ఎముకలోంచీ కొన్ని బయటపడతాయి.

పరమాణువు లోపలి కక్ష్యలో ఉన్న ఎలక్ట్రాన్‌కు తన శక్తినంతా ధారపోసి ఎక్స్‌రే ఫోటాన్ మాయమైపోవడం, కిరణం ఆగే దారుల్లో ఒకటి. ఈ అవకాశం దాదాపుగా పరమాణు సంఖ్య ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మాంసంలోని ఆక్సిజన్‌ది 8, ఎముకలోని కాల్షియంది 20. రెండున్నర రెట్లేగా అనిపిస్తుంది. ఘనం చేసి చూడండి, పదిహేను దాటుతుంది. ఎముక తెల్లగా పడేది ప్రధానంగా ఇందుకే. అయితే ఫోటాన్ శక్తి రెట్టింపైతే ఈ అవకాశం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఛాతీ ఎక్స్‌రేకు ట్యూబు వోల్టేజీని 120 కేవీ దాకా పెంచితే పక్కటెముకలు పలచబడి వెనకున్న ఊపిరితిత్తి కనిపిస్తుంది. మామోగ్రఫీలో 30 కేవీ చుట్టుపక్కలే ఉంచితే కొవ్వుకూ గ్రంథికీ ఉన్న కాస్త తేడా పట్టుబడుతుంది. ఛాతీ బొమ్మ ఉన్న బటన్ నొక్కితే కేవీ దానంతటదే వస్తుంది, నిజమే. ఆ అంకె ఎందుకో తెలియకుండా నొక్కేవాళ్లంటే నాకు కోపం.

రెండో దారిని 1923లో ఆర్థర్ కాంప్టన్ వివరించాడు. ఇక్కడ ఫోటాన్ మాయం కాదు. ఎలక్ట్రాన్‌ను ఢీకొని, కొంత శక్తి వదులుకుని, దారి మళ్లుతుంది. కాల్షియమా, కార్బనా అన్నది దీనికి పెద్దగా పట్టదు. ఇలా దారి మళ్లింది ఫిల్ము మీద పడితే బొమ్మ మసకబారుతుంది. దాన్ని గ్రిడ్ చాలావరకు ఆపుతుంది. పక్కకు చెదిరింది మీ మీదికే వస్తుంది. ట్యూబుకు కవచం ఉంది, పేషెంటు ఒంటికి లేదు. ఎక్స్‌పోజర్ జరిగే ఆ క్షణంలో గదిలోకి కిరణాలు చిమ్మేది ముఖ్యంగా ఆ ఒళ్లే.

కిరణాలు ఒంటికి ఏం చేస్తాయో చెప్పడానికి ఒక్క మనిషి కథ చాలు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ, పరికరం పనిచేస్తోందో లేదో చూడటానికి తన చేతినే కిరణాల ముందు పెట్టేవాడు. చివరికి చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో చనిపోయాడు. జాగ్రత్తలు చెప్పేవాళ్లు అప్పటికే కొందరు ఉన్నారు.

రేపు మీరు వార్డులోకి పోర్టబుల్ మిషన్ తోసుకెళ్తారు. మంచం పక్కన ఎవరో తల్లి కూర్చుని ఉంటుంది. పేషెంటుకు మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగితే ఆమెకు తగిలేది సుమారు నాలుగో వంతే. "అమ్మా, కాస్త అవతలికి జరిగి నిలబడండి" అనండి. పట్టుకోక తప్పని పసివాడైతే, ముందు ఆమెకు లెడ్ ఏప్రన్ తొడగండి. ఎక్స్‌పోజర్ ఆ తర్వాతే.