స్కూటరుకు రంగు వేసిన కథ
(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా ఫైళ్ల మీద నోట్లు రాశానే గాని, మైకు ముందు మాట్లాడి ఎరుగను. "స్కూటరుకు మీరే రంగు వేసుకున్నారటగా, ఆ సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. అందుకని నిలబడ్డాను.

కంచరి అంటే కంచు, ఇత్తడి సామాను చేసేవాడు. ఆ పేరున్న కంచరపాలెంలో ఉంటున్నాం మనం. మన చిన్నతనంలో బిందెకు చిల్లి పడితే మాటు వేయించాం గాని పారేశామా? ప్లాస్టిక్ అనేసరికి మాత్రం "కొత్తది మార్చేయండి" అంటాం. అంత తొందర అక్కర్లేదు.

వర్షాలకు ముందు ఒకనాటి సాయంత్రం ఊర్వశి జంక్షన్ దగ్గర మలుపులో ఇసుక మీద చక్రం జారి పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. బండి ఎడమవైపు ప్లాస్టిక్ ప్యానెల్ జానెడు మేర గీసుకుపోయింది. గాజువాకలో ఉన్న మా అబ్బాయికి తెలిస్తే తాళంచెవి పట్టుకుపోతాడు. మోకాలిని పంచె దాచింది, మరి బండిని ఏది దాస్తుంది? అలా మొదలైంది నా పెయింటింగు.

ముందు ప్యానెల్ విప్పి లోపలివైపు చూడండి. ఏ.బి.ఎస్. అని అచ్చు ఉంటే రంగు బాగా పడుతుంది. పి.పి. అని ఉంటే దానికి రంగు అంటదు, ముందుగా అడ్హెషన్ ప్రమోటర్ అనే పూత కొట్టాలి. ముడసర్లోవ గోల్ఫ్ మైదానంలోనివంటి బ్యాటరీ బండ్లకైనా ఇదే సూత్రం. ఏ ప్లాస్టికో తెలుసుకోకుండా డబ్బా మూత తీయకూడదు.

గీత మీద గోరు ఆనించి లాగండి. గోరు తగలకపోతే రబ్బింగ్ కాంపౌండుతో రుద్దితే చాలు. తగిలితే సబ్బునీళ్లతో కడిగి, పాత మైనం, జిడ్డు పోయేలా తుడిచి, 240 నంబరు కాగితంతో అంచులు నునుపు చేసి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే పుట్టీ పలచగా పెట్టాలి. ఆరాక 400 వాటర్ పేపరు, ఆపైన ప్రైమరు, మళ్లీ 600 వాటర్ పేపరు. ఎసిటోన్ మాత్రం వాడకండి, ఏ.బి.ఎస్. కరిగిపోతుంది.

రంగు డబ్బా అడుగు దూరం నుంచి కొట్టాలి. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది. పలచగా మూడు నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య పావుగంట ఇవ్వండి. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ముసురు రోజున కొడితే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఎండ కాసిన పూట, ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా నేల తడిపి కొట్టండి. చివర క్లియర్ లక్కరు. వారం ఆగి పాలిష్.

ఇవన్నీ నేను తుచ తప్పకుండా చేశాను. మెరుపు చూసి నాకే ముచ్చటేసింది. మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఏవండీ, ఆ పక్కంతా నీలం, ఈ పక్క ఆకుపచ్చ తిరిగిన నీలం వేశారేంటి?" అంది. నేను ఒప్పుకోలేదు. నా కంటికి రెండూ ఒకటే! షేడు కార్డు మీద ఏరింది నేనే కదా. ఆవిడ నా పంచె వైపు చూసి, "మోకాలికి ఏ రంగు వేశారు?" అంది. ఆవిడకు మొదటిరోజే తెలుసు.

ఆ రాత్రి నేనే అబ్బాయికి ఫోను చేసి చెప్పాను. వాడు తాళంచెవి అడగలేదు, కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. రెండు కళ్లకూ శుక్లాలు. కంటిలోని లెన్సు పసుపు తిరిగితే నీలం ఛాయలు తేడా తెలియవట, సాయంత్రం వేళ చూపు మరీ మందగిస్తుందట. రోడ్డు మీద ఇసుక నాకెందుకు కనబడలేదో అప్పుడర్థమైంది.

ఆపరేషన్లు అయ్యాయి. కట్టు విప్పాక బండి చూసి నాకే నవ్వొచ్చింది. డాక్టరుగారు సరేనన్నాక, ఆ ప్యానెల్‌కు సరైన నీలం మళ్లీ వేశాను. ఇప్పుడు పగటిపూట మాత్రమే నడుపుతున్నాను.

మిత్రులారా, బండి మీద గీతలు దిద్దుకోండి. అది మంచి కాలక్షేపం, డబ్బూ మిగులుతుంది. కాని పడ్డ సంగతి మాత్రం ఇంట్లో దాచకండి. ఏ రంగులు ఎలా కనబడుతున్నాయో ఇంటికెళ్లి మనవలను అడిగి సరిచూసుకోండి.