సాయంకాల మెరుగని ఆట

ఆటయను మాటకు నేడు రెండర్థము లేర్పడినవి. ఒళ్లంతయు చెమర్చునట్లు పరుగెత్తి, పడి, లేచి, తోటివారితో పోట్లాడి, మరల వారితోనే కలసిపోవుట మొదటిది. మూలను కూర్చుండి, అరచేతి ఫోనుపై బొటనవ్రేళ్లు మాత్రమే కదలించుచు గంటలు గడుపుట రెండవది. రెంటికిని పేరొక్కటే, ఫలము వేరు. ఆ భేదమునుగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

కూర్చుండి యాడు ఆటలు మనకు క్రొత్తవి కావు. వామనగుంటలు, అచ్చనగాయలు, పులిజూదము మన ఇండ్ల అరుగులపై తరతరములుగా సాగినవే. కాని వానికొక అంతము కలదు. గింజలయిపోవును, తోడివానిని తల్లి కేకవేయును, దీపాలవేళ యగును. చెడుగుడు, బిళ్లంగోడు, కోతికొమ్మచ్చి వంటివానికి ఒంటి యలసటయే హద్దు. వీడియోగేమునకు ఈ హద్దు లేవియు లేవు. ఒక మెట్టు ముగియగనే మరియొకటి సిద్ధము. ఎదుటివాడు నిద్రపోయినచో ఇంకొక దేశమునుండి ఇంకొకడు వచ్చును. బహుమాన మెప్పుడు లభించునో ముందుగా తెలియదు. అట్టి అనిశ్చిత ఫలముకొరకు ప్రాణి విసుగులేక మరల మరల యత్నించునని అమెరికను మనస్తత్త్వవేత్త బి. ఎఫ్. స్కిన్నరు పావురములపై చేసిన ప్రయోగములలో చూపినాడు. నేటి ఆటలనేకములలో ఆ సూత్రమే ఇమిడియున్నది. కావున ఆట నాపలేకపోవుట కేవలము బిడ్డ మొండితనమని తలచుట న్యాయము కాదు.

అట్లని ఆడు ప్రతి బిడ్డయు వ్యసనపరుడు కాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల వర్గీకరణము 11వ కూర్పున గేమింగు రుగ్మతను చేర్చినది. ఆ కూర్పు 2019లో ఆమోదము పొంది, 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది. దాని లక్షణములు మూడు: ఆటపై అదుపు తప్పుట; ఇతరములైన అభిరుచులకంటెను, నిత్యకృత్యములకంటెను ఆటయే ప్రధానమగుట; కీడు కలుగుచున్నను మానలేకపోవుట. చదువును, కుటుంబజీవనమును దెబ్బతీయునంతగా ఇవి సాధారణముగా 12 మాసములు కనిపించిననే దానిని రుగ్మతయందురు. సెలవునాడు రెండు గంటలాడిన బాలుని రోగియని బెదరించుట తగదు.

రుగ్మత కొందరిదే, కదలిక లేమి మాత్రము పెక్కుమందిది. 5 మొదలు 17 ఏండ్ల వయస్సుగల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములైనను ఊపిరి వేగముగా ఆడునట్లు శ్రమించవలయునని ఆ సంస్థయే చెప్పుచున్నది. 2016 నాటి లెక్కల ననుసరించి, ప్రపంచమున 11 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 81 మంది ఈ పాటి శ్రమ చేయుటలేదు. బాలురలో 78 మంది, బాలికలలో 85 మంది. ఆడపిల్లను వీథిలోనికి పోనీయని యిండ్లు మనలో నెన్ని కలవో తలచుకొనిన ఈ వ్యత్యాసము మనకు వింత గొలుపదు.

ఆరుబయటి వెలుతురు కంటికిని మేలు. హ్రస్వదృష్టి ప్రబలిన తైవానులో 2010 మొదలు ప్రాథమిక పాఠశాలల పిల్లలను దినమునకు 120 నిమిషములు ఆరుబయట నుంచుటకు పూనుకొనిరి.

అయితే బయటకు పొమ్మనిన బిడ్డ ఎక్కడకు పోవలయును? 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలముండవలెనని చెప్పుచున్నది. మన పట్టణములలో మేడల అంతస్తులలో నడచు బడు లెన్నియో! ఆటల గంట లెక్కల గంటగా మారుచున్నది. సందులు వాహనములతో నిండినవి. ఆటస్థలమును మనమే తీసికొని, ఫోనును మనమే చేతికిచ్చి, పిదప వాడు దానినే పట్టుకొని కూర్చుండెనని కోపించుట ఏమి ధర్మము?

చట్టములు కొంత చేయగలవు. 2021లో చైనా ప్రభుత్వము 18 ఏండ్లలోపువారి ఆన్‌లైను ఆటలను శుక్ర, శని, ఆదివారములందును సెలవులందును రాత్రి 8 మొదలు 9 వరకే పరిమితము చేసినది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పణముగా నొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. కాని ఖాళీయైన గంటను నింపవలసినది ఇల్లే.

ఫోనును లాగికొనుటవలన పంతమే పెరుగును. ఎంతసేపు ఆడవచ్చునో బిడ్డతో కలసి ముందే నిర్ణయించుడు. నడుమ నాపక, ఒక పందెము ముగిసిన పిదప ఆపనిండు. రాత్రి పడకగదిలో ఫోనుండరాదు. భోజనమువేళ పెద్దలును తమ ఫోనును ప్రక్కన పెట్టవలయును. ప్రొద్దు వాలకమునుపే ఒక గంట పిల్లలను, ఆడపిల్లలనుగూడ, బయటకు పంపుడు. వీలైనచో తోడుగా పొండు. బడిలో చేర్చునాడు మార్కులనుగూర్చి అడిగినట్లే ఆటస్థలమునుగూర్చియు అడుగుడు.

అదుపు తప్పినదని తోచినచో సిగ్గుపడి దాచవలదు. బెంగుళూరు నిమ్హాన్సు సంస్థలో ఇట్టివారికై 2014లో ప్రత్యేక చికిత్సాలయ మేర్పడినది. టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకయే తెలుగులో సలహా లభించును.

పిల్లవాడు దుమ్ముకొట్టుకొనిన కాళ్లతో ఇల్లు చేరినప్పుడు మందలింపక, నీళ్లిచ్చి, అన్నము పెట్టుడు.