తెడ్డు చేతిలో, బలము పాదములో

(వెంబకోట్టైలో మన సంఘ సమావేశమున యువజనుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా ప్రసంగ విషయము కయాక్ అను చిన్న పడవను నడుపుటలో కాళ్లు చేయు పని. వానకై యెదురుచూచు నల్లరేగడి నేలలో తరతరములుగా సేద్యము చేసికొనుచు వచ్చిన మనకు పడవల ముచ్చట యేల యని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. కాని మన యూరి చెంతనే వైప్పారు మీద జలాశయ మున్నది. ఆ వైప్పారు పోయి కలియునది మన్నారు సింధుశాఖలో. 2022 నుండి మన వెంబకోట్టై దిబ్బలో జరిగిన త్రవ్వకములలో శంఖపు గాజులు బయల్పడినవి. శంఖము సముద్రమున పుట్టునే గాని మెట్టపొలమున పుట్టదు గదా! నీటితో మన సీమకు గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు.

మన పిల్లలు సెలవులలో రామనాథపురము జిల్లాలోని కారంకాడు వంటి చోట్లకు పోయి, మడ అడవుల నడుమ కయాక్ నడిపి రాగోరుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే క్రొత్తగా తెడ్డు పట్టినవారు సామాన్యముగా భుజబలముతోనే నీటిని లాగుదురు. కొంతసేపటికే చేతులు బరువెక్కును, నడుము నొచ్చును. అంతట ‘ఇది మెట్టసీమవారికి చేతగాని విద్య’ యని విడిచిపెట్టుదురు. ఈ తీర్పు సరికాదని చూపుటయే మా యుద్దేశము.

కయాక్ ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనుల సృష్టి. కొయ్య చట్రముపై సీలు చర్మము బిగించి, వేటకై వారు దానిని నిర్మించుకొనిరి. నడుపువాడు ముందుచూపుగా, కాళ్లు చాచి కూర్చుండును. తెడ్డుకు రెండు కొనలందును రెక్క లుండును. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలనుండి ఇది పందెములలో చేరినది. ఒంటరి పందెపు పడవ పొడవు 5.20 మీటర్లకు మించరాదు. బరువు 12 కిలోలకు తగ్గరాదు. అనగా పడవకన్న మనిషియే అయిదారు రెట్లు బరువు. అందుచేత మనిషి శరీరమున పుట్టిన బలము ఏ మార్గమున పడవకు చేరుచున్నదన్నదే ఇందలి కీలకము.

ఆ మార్గము పాదము. తెడ్డు రెక్కను నీట దింపి వెనుకకు లాగినపుడు, నీరు ఆ రెక్కను ముందుకు నెట్టును. ఆ నెట్టు చేతులగుండ, మొండెముగుండ వచ్చి పడవకు తగులవలెను. పడవను మన మంటియుండునది రెండు చోట్లనే: పీట వద్ద, పాదము లానించిన పలక వద్ద. పీట జారుడుగా నుండును. పలకయో గట్టిగా నిలుచును. కావున కుడివైపు తెడ్డు వేయునపుడు కుడిపాదము పలకను నెట్టవలెను. అప్పుడు కుడి మోకాలు కొంత చాగును, కుడి తుంటి వెనుకకు జరుగును, దానితో నడుము, వీపు, భుజము వరుసగా తిరుగును. చేయి మోకు వంటిది. లాగునది మోకు కాదు, మోకు వెనుకనున్న ఎద్దు.

ఇది మనకు క్రొత్త సంగతియా? మన పూర్వులు ఏతము తొక్కినవారు. ఏతపు దూలముపై నిలిచినవాడు చేతులతో కేవలము ఆసరా పట్టుకొని, అడుగులు ముందుకు వెనుకకు వేయుచు బావినీటిని పైకి తెచ్చెడివాడు. అట్టి బరువును చేతులతో చేదినచో ఎంతసేపు నిలువగలడు? అరుప్పుకోట్టై నేతగాండ్ర గుంటమగ్గమును చూడుడు. ఒక కాలు తొక్కినపుడు రెండవది లేచును. పోగులు విడిన పిమ్మటనే నాడె పోవును. కయాక్‌లోను ఇదే వరుస. కుడికాలు నెట్టునపుడు ఎడమ మోకాలు లేచును, ఎడమవైపు తెడ్డు పడినపుడు కుడి మోకాలు లేచును.

కొలిచి చూచినవారి మాటయు వినుడు. స్వీడను దేశపు పరిశోధకులు శ్రేష్ఠులైన క్రీడాకారుల కాళ్లు కదలకుండ బిగించి నడిపించి, 2016లో ఫలితములను ప్రకటించిరి. పడవ వేగము నూటికి 16 వంతులును, తెడ్డు బలము నూటికి 21 వంతులును తగ్గినవి. చేతులు అవే, తెడ్డు అదే. తగ్గినది కాలి సాయము మాత్రమే. 2016 రియో పారాలింపిక్ క్రీడలలో ప్రవేశించిన దివ్యాంగుల కయాక్ పందెములలో, మొండెమును కాళ్లును ఎంతవరకు పనిచేయునో చూచియే క్రీడాకారులను మూడు తరగతులుగా విభజింతురు. కాలి బలము పడవవేగమున ఎంత పాలు పంచుకొనునో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక పాదము నుంచు విధము. మొదట పలక దూరమును సరిచేసికొనవలెను. పలక మరీ దూరమైనచో కాళ్లు నిటారుగా చాగి, నెట్టుటకు మిగులేమియు నుండదు. మరీ దగ్గరైనచో మోకాళ్లు ఎత్తుగా లేచి చేతులకు తగులును, తుంటి తిరుగదు. మోకాళ్లు సుఖముగా వంగి, నెట్టినపుడు చాగుటకు చోటు మిగులునట్లుండవలెను. మడమలు రెండును దగ్గరగా పడవ అడుగున ఆనవలెను. వ్రేళ్లవెనుకనున్న పాదపు ముందుభాగము పలకను తాకవలెను. వ్రేళ్లతో పలకను బిగబట్టరాదు. అట్లు చేసినచో పిక్కలు పట్టుకొనును, పాదములు తిమ్మిరెక్కును. పందెపు పడవలలో పాదములపై నొక పట్టీ యుండును. నెట్టని కాలు దాని ఆనికతో తుంటిని ముందుకు తెచ్చును. ఆ పట్టీ బిగువుగా నుండరాదు. పడవ బోర్లపడినపుడు పాదము తటాలున జారి వెలికి రావలెను. ఇది ప్రాణముతో కూడిన సంగతి.

తరువాతది సమయము. రెక్క పూర్తిగా నీట మునిగిన క్షణముననే కాలు నెట్టవలెను. మునుగకముందే నెట్టినచో బలము వ్యర్థమై పడవ ఊగును. ఆలస్యముగా నెట్టినచో చేయి అప్పటికే శ్రమపడి యుండును. రెక్క తుంటి దగ్గరకు వచ్చుసరికి నెట్టు ముగియవలెను. తెడ్డు పైకి తీయవలెను. కాళ్లు మాత్రము సైకిలు తొక్కినట్లు కదలుచు తుంటి కదలకున్నచో, అది కంటికి కాలి పనివలె తోచునే గాని పడవకు దక్కునది లేదు. వెనుకకు వాలి కూర్చుండుటయు తప్పే. తుంటిపై నిటారుగా, ఇంచుక ముందుకు వంగి కూర్చుండవలెను.

నీరు లేకున్నను అభ్యాసము చేయవచ్చును. నున్నని గచ్చుపై నొక గుడ్డ పరచి దానిపై కూర్చుండి, మోకాళ్లు వంచి పాదములను గోడకానించుడు. చేతులలో నొక కఱ్ఱ పట్టి, కుడిపాదము నెట్టుచు కుడివైపు తిరుగుడు, పిదప ఎడమవైపు. కూర్చున్నచోట తుంటి తిరుగుచున్నదా యని మరియొకరు చూచి చెప్పవలెను. నీటిపైకి పోయిన పిమ్మట, తీరమునకు దగ్గరగా, మొదట పాదములు పలకకు తాకింపక పది తెడ్లు వేయుడు, తరువాత తాకించి పది వేయుడు. ఈ భేదము మా ప్రసంగముకన్న బాగుగా బోధించును.

ఒక హెచ్చరిక. ఈత రానివారు మొదట ఈత నేర్వవలెను. లైఫ్‌జాకెట్టు లేక, నేర్పువారు లేక నీట దిగరాదు. జలాశయమున అధికారుల అనుమతి లేక పడవ దింపరాదు. ఏతము తొక్కిన తాతలు ధైర్యవంతులే గాని తొందరపాటువారు కారు.

1994 హిరోషిమా ఆసియా క్రీడలలో మనదేశపు జంట కనూ పందెమున కాంస్యము గెలిచినది. మరల అదే పందెమున పతకము వచ్చునది 2023లో, హాంగ్‌జౌ క్రీడలలో. నడుమ దాదాపు మూడు దశాబ్దములు గడచినవి. ఈ విద్యలో మనదేశమున చోటు ఇంకను ఖాళీగా నున్నదని దీని యర్థము. ఆ చోటికి మన పిల్లలు పోరాదా? ఆడపిల్లలకును ఇది తగినదే. కాలిబలము చక్కగా వాడుకొన్నచో భుజబలము కొంత తక్కువైనను కొరత తెలియదు.

తల్లిదండ్రులారా, పిల్లలు పడవ నేర్చెద మన్నచో ‘మనకేల’ యని ఆపకుడు. ఈత నేర్పించి, మంచి శిక్షకుని వద్దకు పంపుడు. యువజనులారా, మెట్టసీమ మిమ్ములను నీటికి దూరము చేయలేదు. బావినుండి నీటిని తెచ్చిన పాదములే మీకు వారసత్వముగా వచ్చినవి. వానిని పలకపై సరిగా నానించుడు, సమయమునకు నెట్టుడు. పడవ కదలును.