పోలీసు పొరపాటుకు జవాబుదారి ఎవరు?

(ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



కరువుభత్యము, ఖాళీల భర్తీ, పింఛను మన సభలలో వాడుకగా చర్చకు వచ్చు విషయములు. నేడు మేము ఎత్తుకొనుచున్నది వానిలో చేరదు. రోడ్డుపై పోలీసు చేసిన పొరపాటు వలన ఒక మనిషి ప్రాణము పోయినప్పుడు ఎవరు జవాబు చెప్పవలెను, ఎవరి ఎదుట చెప్పవలెను అన్నది ప్రశ్న. ఇది వకీళ్ళ విషయము కదా, యూనియనుకు దీనితో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చును. పని ఉన్నది. ఒక యూనియను నాయకుడే ఈ ప్రశ్నను మన ముందుకు తెచ్చిపెట్టినాడు. ఎట్లు తెచ్చినాడో వినుడు.

కర్నూలు జిల్లా ఆదోని నుండి 23 ఏండ్ల యువతి ఒకతె పైచదువుకై అమెరికా వెళ్ళి సియాటిల్ నగరములో చదువుకొనుచుండెను. 2023 జనవరి 23 రాత్రి, పాదచారులు దాటుటకు గీతలు గీసిన చోటనే ఆమె రోడ్డు దాటుచుండగా పోలీసు కారు ఢీకొన్నది. ఆమె వంద అడుగులకు పైబడిన దూరమున పడి మరణించినది. ఆ రోడ్డుపై అనుమతించిన వేగము గంటకు 25 మైళ్ళు, అనగా 40 కిలోమీటర్లు. పోలీసు కారు ఢీకొనుటకు ముందు అందుకొన్న వేగము 74 మైళ్ళు, మన లెక్కలో 119 కిలోమీటర్లు. మత్తుమందు మోతాదు మించినదని వచ్చిన ఒక కబురుపై అతడు పోవుచుండినాడు. అత్యవసరమే, కాదనము. అయినను కాషన్ ఆర్డరు ఉన్న సెక్షనులో దాదాపు మూడింతల వేగముతో బండి నడిపిన డ్రైవరు గతి ఏమగునో ఈ సభలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి ఈ వ్యవహారము చూచుటకు వచ్చిన మరియొక అధికారి, సియాటిల్ పోలీసు యూనియనుకు ఉపాధ్యక్షుడు. అతడు తన యూనియను అధ్యక్షునికి ఫోను చేసినాడు. మరణించిన పిల్లకు విలువ పరిమితమైనదే అనియు, పదకొండు వేల డాలర్ల చెక్కు వ్రాసి ఇచ్చిన సరిపోవుననియు నవ్వుచు అన్నాడు. ఒంటిపైనున్న కెమెరా ఆ మాటలను పట్టుకొన్నది. 2023 సెప్టెంబరులో అవి లోకమునకు తెలిసినవి. నగర పాలకుల వకీళ్ళు ఎట్లు బేరమాడుదురో ఎగతాళి చేసితినని అతడు తరువాత చెప్పుకొన్నాడు. 2024 జులైలో అతనిని ఉద్యోగము నుండి తొలగించినారు. కారు నడిపిన అధికారిపై తీవ్రమైన నేరాభియోగము మోపుటకు తగిన సాక్ష్యము లేదని అదే సంవత్సరము ఫిబ్రవరిలో ప్రాసిక్యూటరు కార్యాలయము తేల్చినది. అజాగ్రత్తగా నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా నోటీసు వచ్చినది. ఉద్యోగము 2025 జనవరిలో పోయినది.

ఉపాధ్యక్షుడు అధ్యక్షునికి చేసిన ఆ ఫోను దగ్గర మనము కొంచెము ఆగవలెను. ప్రమాదము జరిగిన రాత్రి మన బ్రాంచి కార్యదర్శులు కూడ ఫోన్లు చేయుదురు. డ్యూటీలో ఎవరున్నారు, ఎన్ని గంటల నుండి ఉన్నారు, బ్లాకు ఎవరు ఇచ్చినారు, కాగితము చేతిలో ఉన్నదా అని అడుగుదురు. అది వారి ధర్మము. చార్జిషీటు అందుకొన్న సభ్యుని పక్కన నిలుచుట యూనియను పుట్టుకలోనే ఉన్నది. కాని సభ్యుని పక్కన నిలుచుట వేరు, చనిపోయినవారి వెల కట్టుట వేరు. సియాటిల్‌లో మాటలాడినది కార్మికుని రక్షించు నోరు కాదు.

మన దేశములో ఇట్టివి లేవా? 2018 మార్చి 7న, పొన్మలై వర్క్‌షాపు ఉన్న తిరుచ్చి దగ్గర, హెల్మెట్ లేదని ఆపబోగా ఆగని మోటారు సైకిలును ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వెంబడించి కాలితో తన్నినాడు. వెనుక కూర్చున్న స్త్రీ పడి మరణించినది. అదే సంవత్సరము సెప్టెంబరు చివర లక్నోలో ఆగని కారుపై ఒక కానిస్టేబులు తుపాకి పేల్చగా లోపలనున్న ఉద్యోగి చనిపోయినాడు. 2020 ఏప్రిల్ 20న, కరోనా కట్టడి దినములలో, గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో మందులు కొనుటకు పోయిన వ్యక్తి చెక్‌పోస్టు వద్ద కుప్పకూలి ప్రాణము వదలినాడు. కొట్టినారని బంధువులు, గుండెజబ్బు ఉన్నదని పోలీసులు. ఎస్.ఐ.ని సస్పెండు చేసినారు. సుమారు మూడు నెలల తరువాత చీరాలలో మాస్కు లేదని పట్టుకొన్న దళిత యువకుడు గుంటూరు ఆసుపత్రిలో చనిపోయినాడు. జీపు నుండి దూకినాడని పోలీసుల మాట, కొట్టినారని తండ్రి మాట. ప్రభుత్వము పది లక్షల సహాయము ప్రకటించినది.

ఈ రెండు తెలుగు సంఘటనలలో ఏ మాట నిజమో ఇచ్చట కూర్చుని తేల్చుట మా పని కాదు. మా ఆక్షేపణ వేరు. ఎవరిపై ఆరోపణ వచ్చినదో ఆ శాఖయే మొదటి కాగితము వ్రాయుచున్నది. పంచనామా వారిదే, మొదటి పత్రికా ప్రకటన వారిదే. సస్పెన్షను ఉత్తరువు, ఎక్స్‌గ్రేషియా చెక్కు వచ్చుటతో ఊరు చల్లబడును. ఆ తరువాత ఏమైనదని అడుగువాడు ఉండడు.

మన సంగతి చూడుడు. 2023 జూన్ 2 సాయంత్రము మన ఖరగ్‌పూర్ డివిజనులోనే, బహానగా బజారు స్టేషనులో, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూపులైనులోకి మళ్ళి నిలిచియున్న గూడ్సును గుద్దుకొన్నది. 290 మందికి పైగా చనిపోయినారు. ఆ బండి చెన్నై పోవు బండి. దానిలో పోవువారు, దాని కొరకు ఎదురుచూచువారు మన తెలుగు ఇండ్లలో లేని వీధి ఈ ఊర ఉండదు. విచారణ చేసినది రైల్వే బోర్డు కాదు, రైల్వే సేఫ్టీ కమిషనరు. ఆయన రైల్వే మంత్రిత్వశాఖ ఉద్యోగి కాడు. బండ్లు నడుపు శాఖయే తన ప్రమాదములను తాను విచారించుకొనరాదను సూత్రముపై 1941లోనే ఆ తనిఖీ వ్యవస్థను రైల్వే బోర్డు నుండి వేరు చేసినారు. నేడది పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రింద నున్నది. ఖరగ్‌పూర్‌లోనే సాక్ష్యములు తీసుకొన్నారు. సిగ్నలు వైరింగులో పూర్వము చేసిన మార్పు, ఆనాడు గేటు వద్ద చేసిన పని, ఇవి రెండును కలిసి బండిని తప్పుదారి పట్టించినవని తేలినది. లోపము ఒక్క చోట కాదు, పెక్కు స్థాయిలలో ఉన్నదనియు, 2022 మేలో ఇదే డివిజనులోని బాంక్రా నయాబాజ్‌లో కనబడిన ఇట్టి తప్పును సరిగా పట్టించుకొనియున్న ఈ ఘోరము తప్పెడిదనియు నివేదిక చెప్పినది.

అయినను 2023 జులై 7న సి.బి.ఐ. అరెస్టు చేసినది ముగ్గురు సిగ్నలు ఉద్యోగులను. ప్రమాదము జరిగిన ముప్పది అయిదవ దినమున. పై స్థాయిలకు బదిలీలు, క్రింది స్థాయికి జైలు! ఈ విషయములో మాకు అసంతృప్తి ఉన్నది, దాచుకొనము. కాని ఇంటి బయటి మనిషి వచ్చి విచారించుటను మనము ఎన్నడును వ్యతిరేకించలేదు. ఆ బయటి మనిషి వచ్చినందుననే క్రింది ఉద్యోగి తప్పు వెనుకనున్న పై తప్పులు వెలుగులోనికి వచ్చినవి.

తపాలా సోదరులకును ఇది క్రొత్త కాదు. 1965 నాటి సి.సి.ఎ. నియమములలో 11వ నియమము ప్రకారము, అజాగ్రత్త వలన శాఖకు కలిగిన నష్టమును జీతములో నుండి రాబట్టవచ్చును. ఎవడో చేసిన మోసమునకు, పక్క సీటులో కూర్చుని గమనించలేదను కారణముపై, నెలనెలా జీతము కోతపడిన వారు మీలో ఉందురు. డబ్బు పోయిన ఇంత పట్టుదల ఉన్నప్పుడు, ప్రాణము పోయిన ఎంత ఉండవలెను?

పోలీసు పొరపాటుకు శిక్ష పడిన పెద్ద కేసు ఒకటి ఉన్నది. 1997 మార్చి 31న ఢిల్లీ కన్నాట్‌ప్లేస్‌లో క్రైంబ్రాంచి పోలీసులు ఒక కారును చుట్టుముట్టి కాల్పులు జరిపినారు. వారు వెదకుచున్నది ఒక గూండాను. కారులో ఉన్నది వ్యాపారస్థులు. ఇద్దరు మరణించినారు, ఒకరు గాయపడినారు. మనిషిని పోల్చుకొనుటలో పొరపాటు జరిగినది, అంతవరకు సరియే. కాని కారులోనుండి తమపై కాల్పులు జరిగినవని చెప్పినారు, కారులో పిస్తోలు దొరికినదని చూపినారు. ఆ కథను న్యాయస్థానములు నమ్మలేదు. అసిస్టెంటు కమిషనరు సత్యవీర్ సింగ్ రాఠీ మొదలు కానిస్టేబుళ్ళ వరకు పదిమందికి 2007లో యావజ్జీవ శిక్ష పడినది. 2009లో హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినవి. పదునాలుగు సంవత్సరములు పట్టినది. దర్యాప్తు ఢిల్లీ పోలీసుల చేతిలోనే ఉండియున్న ఆ పిస్తోలు కథయే చరిత్రగా మిగిలియుండెడిది. సి.బి.ఐ.కి అప్పగించినందుననే నిజము నిలిచినది.

ఇచ్చట మేము ఒక గీత గీయదలచినాము. పొరపాటు మనిషికి సహజము. సిగ్నలు ఎరుపును చూడక దాటిన డ్రైవరు దుర్మార్గుడు కాడు. కాని స్పీడు రికార్డరు చార్టును చించినవాడు, డేటా లాగరును తారుమారు చేసినవాడు పొరపాటు చేయలేదు. మొదటివానిని విచారణలో మనము కాపాడుదుము. రెండవవానికై మనము నిలువరాదు. పోలీసు విషయములోను అంతే. తుపాకి పేలిన క్షణమునకు ఒక లెక్క, ఆ మరునాడు వ్రాసిన పంచనామాకు వేరొక లెక్క.

మరి చట్టము ఏమనుచున్నది? ప్రభుత్వ అనుమతి లేనిదే పదవి నుండి తొలగించ వీలులేని అధికారిపై, విధినిర్వహణలో చేసిన పనికి కేసు నడుపవలెనన్న ప్రభుత్వ అనుమతి కావలెను. 1973 శిక్షాస్మృతి ప్రక్రియలో అది 197వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 218వది. 120 దినములలో ప్రభుత్వము తేల్చనిచో అనుమతి ఇచ్చినట్లే భావించవలెనని క్రొత్త చట్టము చేర్చినది, ఇది మేలే. రాష్ట్రములు నోటిఫికేషను ద్వారా ఈ రక్షణను శాంతిభద్రతల బలగములకు విస్తరింపజేయవచ్చును. గమనించుడు, ఈ గొడుగు స్టేషను మాస్టరుకు లేదు, పోస్ట్‌మన్‌కు లేదు.

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి, రాష్ట్రములో విశ్రాంత ఉన్నత న్యాయమూర్తి అధ్యక్షతన ప్రత్యేక సంస్థలు నెలకొల్పవలెనని ఆదేశించినది. కేసు వేసినది పోలీసు శాఖలోనే ఉన్నత పదవులు చేసి విరమించిన పెద్దమనిషి! అట్టి సంస్థ మీ జిల్లాలో ఉన్నదా, దాని కార్యాలయము ఏ వీధిలో ఉన్నదో మీలో ఎందరికి తెలియును? మన రైల్వే సేఫ్టీ కమిషనరు విచారణకు వచ్చినప్పుడు, తెలిసినవారు వచ్చి చెప్పుడని పత్రికలలో ప్రకటింతురు. పోలీసు కేసులో అట్టి ప్రకటన చూచినామా?

ఈ వాడకు సుభాష్ పేరు ఉన్నది. ఆయన మన పొరుగుననే ఉన్న హిజ్లీకి ఏ పనిపై వచ్చినాడో గుర్తుచేయుట అప్రస్తుతము కాదు. 1931 సెప్టెంబరు 16 రాత్రి హిజ్లీ నిర్బంధ శిబిరములో నిరాయుధులైన డెటెన్యూలపై సిపాయిలు కాల్పులు జరిపినారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయినారు. వారి భౌతిక కాయములను అందుకొనుటకు సుభాష్ బోస్ వచ్చినాడు. కలకత్తాలో రవీంద్రనాథ్ ఠాకూరు నిరసన సభలో మాటలాడినాడు. ఆ ఒత్తిడికి పరాయి ప్రభుత్వము సైతము విచారణ సంఘమును వేయక తప్పలేదు; ఆ విచ్చలవిడి కాల్పులకు సమర్థన లేదని ఆ సంఘము తేల్చక తప్పలేదు. ఆ శిబిర భవనము నేడు ఐ.ఐ.టి. ఆవరణలో ఉన్నది. మన పిల్లలను ఒకసారి తీసుకొనిపోయి చూపవలెను.

కానిస్టేబులు మాటయు చెప్పవలెను. అతడు మన పగవాడు కాడు. 1966 చట్టము పోలీసులకు యూనియను హక్కును కట్టివేసినది. పోలీసు స్టేషను సిబ్బందిలో పదిమందికి తొమ్మిదిమంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయుచున్నారని పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ 2014లో ప్రకటించిన అధ్యయనము చెప్పినది. నిద్ర లేని కన్ను ఎట్టిదో మన రన్నింగ్ స్టాఫుకు తెలియును. అతని చేతికి లాఠీ ఇచ్చి, దినమునకు ఇన్ని చలానాలు కావలెనని పైనుండి ఒత్తిడి పెట్టి, ఎట్లు ఆపవలెనో నేర్పనివారు ఎవరు? బయటి విచారణ జరిగిన ఆ పేర్లు కూడ బయటికి వచ్చును. లోపలి విచారణలో కానిస్టేబులు ఒక్కడే మిగులును. కనుక స్వతంత్ర విచారణ కోరుట అతనికిని మేలే.

చివరగా, మన పట్టాలకు సంబంధించిన సంగతి ఒకటి. 1987 డిసెంబరులో ఒరిస్సాలోని జరైకెలాలో, మన ఆగ్నేయ రైల్వే లైనుపై, పోలీసులు దొంగతనము విచారణకని తీసుకొనిపోయిన యువకుని శవము మరునాడు పట్టాలపై కనబడినది. తప్పించుకొని పారిపోయి రైలు క్రింద పడినాడని పోలీసులు చెప్పినారు. తల్లి నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరము వ్రాసినది. తపాలా సోదరులారా, ఒక్క ఉత్తరము. ఆ గాయములు రైలు చేసినవి కావని డాక్టరు సాక్ష్యము చెప్పినాడు. 1993లో న్యాయస్థానము పోలీసుల కథను త్రోసిపుచ్చి, తల్లికి లక్షా యాభై వేల రూపాయల పరిహారము ఇప్పించినది.

అట్టి ఉదయమున పట్టాల వెంట మొదట నడచువాడు మన కీమన్. రాత్రి గేటు దగ్గర ఆపిన బండిని, అచ్చట జరిగిన పెనుగులాటను చూచువాడు మన గేట్‌కీపరు. తెల్లవారుజామున మెయిలు సంచులతో రోడ్డుపై ఉండువాడు ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి. చూచినది చూచినట్లు, గంట, కిలోమీటరు సహా, డ్యూటీ పుస్తకములో వ్రాయుడు. కాగితముపై సంతకము పెట్టుమని ఎవరైనా ఒత్తిడి చేసిన, చదువక పెట్టవద్దు. సాక్ష్యమునకు పిలిచిననాడు ఆ సభ్యుడు ఒంటరిగా పోరాదు, బ్రాంచి నుండి ఒకరు తోడు పోవలెను. ప్రతి జిల్లాలో పోలీసు ఫిర్యాదుల సంస్థను నెలకొల్పవలెననియు, దాని చిరునామాను ప్రతి పోస్టాఫీసులో, ప్రతి రైల్వే స్టేషనులో అతికించవలెననియు కోరు తీర్మానపు ముసాయిదాను మీ బ్రాంచీల పరిశీలనకు పంపుచున్నాము. సవరణలు ఉన్న వ్రాసి పంపుడు.