పదో తరగతి ఫలితాలు – బడి జమాఖర్చులు

(విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంత పాఠశాలల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నేను పాఠం చెప్పినవాణ్ణి కాదు. ఖజానా శాఖలో బిల్లులు చూసి, పద్దులు సరిచూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కనుక బోధన సంగతి ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు వదిలి, పైసల సంగతి మాట్లాడుతాను.

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మనమంతా పత్రిక తెరిచి మన జిల్లా ఎన్నో స్థానంలో ఉందో వెతుకుతాం. 2024లో రాష్ట్ర ఉత్తీర్ణత 91.31 శాతం, నిర్మల్ జిల్లా ప్రథమం. 2025లో 92.78 శాతం, మహబూబాబాద్ ప్రథమం. మన స్థానం కిందికి పోతే పంతుళ్లను తిడతాం, పైకి వస్తే మరుసటి రోజే మరచిపోతాం.

లెక్కలు చూసినవాడిగా ఒక మాట మనవి చేస్తాను. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. పదో తరగతిలో 20 మంది ఉన్న బడిలో ఒక్క పిల్లవాడు తప్పితే 5 శాతం పోతుంది. 200 మంది ఉన్నచోట ఒకడు తప్పితే పోయేది అర శాతమే. కరోనా వల్ల 2020లోనూ, 2021లోనూ పరీక్షలు పూర్తిగా జరపకుండానే అందరినీ ఉత్తీర్ణులను చేశారు. ఆ రెండేళ్లే మన పిల్లలు బాగా చదివారని ఎవరైనా అనగలరా? అన్నిటికంటే ముఖ్యం, తొమ్మిదిలో ఉండి పదికి రాకుండా చేను పనికో, హోటల్ పనికో పోయిన పిల్ల ఆ శాతంలో ఎక్కడా కనిపించదు.

మన ప్రాంతానికి మరో ఇబ్బంది ఉంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఈ జిల్లా పరిధిలోని గ్రామాల, పట్టణాల అక్షరాస్యత 2011 జనగణన ప్రకారం సుమారు 56 శాతం. తెలంగాణ మొత్తానికి అది 66 శాతం పైన. అంటే ఇంట్లో పుస్తకం పట్టి చెప్పేవారు లేని పిల్లలు మన వద్ద ఎక్కువ. వారికి చదువంటే బడిలో దొరికేదే. ఆ బడి ఎలా నడుస్తున్నది, ఏ పైసలతో నడుస్తున్నది అనేది అందుకే ముఖ్యం.

అమెరికాలో చాలాచోట్ల స్థానిక ఇంటి పన్నుతో బడులు నడుస్తాయి. ధనికుల పేటలో మంచి బడి, పేదల పేటలో పేద బడి. ఆ దోషం మనకు లేదు. బోర్డు మీద జిల్లా పరిషత్తు అని ఉన్నా, మండల పరిషత్తు అని ఉన్నా జీతాలు రాష్ట్ర ఖజానా నుండే వస్తాయి. ఎల్లారెడ్డి పంతులుకూ హైదరాబాదు పంతులుకూ మూలవేతన స్కేలు ఒక్కటే. కాని జీతం పోగా మిగిలిన చిన్న ఖర్చులున్నాయే, చాక్‌పీసు, రిజిస్టరు, నల్లా, చీపురు, విరిగిన కిటికీ, వీటి దగ్గరే బండి ఆగుతుంది.

వీటికి సమగ్ర శిక్ష నుండి పాఠశాల గ్రాంటు ఉంది. పిల్లల సంఖ్యను బట్టి ఇచ్చే పద్ధతిలో 30 మంది లోపు బడికి సంవత్సరానికి 10 వేలు, 100 మంది వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష రూపాయలు. ఇందులోని చిక్కు గమనించండి. 101 మంది ఉన్న బడిలో ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడి బస్సు ఎక్కితే గ్రాంటు 50 వేల నుండి 25 వేలకు పడుతుంది. గదులు తగ్గలేదు, కప్పు చిన్నది కాలేదు, ఆదాయం మాత్రం సగమయింది. మరుగుదొడ్డి పాడైతే మరి పది మంది పోతారు. బడి బలహీనపడే తీరు ఇది. ఇందులో పంతులు తప్పెంత, పద్దు తప్పెంత?

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2022లో “మన ఊరు – మన బడి” కింద మరమ్మతులు తలపెట్టారు. 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుండి 20 వేల వరకు పారిశుద్ధ్యానికి మంజూరు చేశారు. ఉచిత విద్యుత్తు ప్రకటించారు. ఇవన్నీ మంచివే. అయితే ఉత్తర్వు వెలువడటం వేరు, సొమ్ము బడి ఖాతాలో జమ కావడం వేరు అని ఖజానాలో పనిచేసిన మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఇక స్థానిక నిధులు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని చట్టంలో ఉంది. 2019 మునిసిపల్ చట్టం ప్రకారం బడ్జెట్టులో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. చెట్టుకు చోటుంది, సంతోషం. సర్కారు బడికి మాత్రం అటువంటి నిర్ణీత వాటా లేదు. ఎల్లారెడ్డి 2018లో పంచాయతీ నుండి మునిసిపాలిటీ అయింది. హోదా పెరిగింది గాని, నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకే వర్తించేది కనుక, పల్లె బడుల ప్రహరీలకు, మరుగుదొడ్లకు వాడుకున్న ఆ నిధుల దారి పట్టణానికి మూసుకుపోయింది. పల్లెలకు వేరే కష్టం. పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 జనవరితో ముగిసి, 2025 డిసెంబరులో గాని ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఆ రెండేళ్ల కరువులో బడి వంతు ఎక్కడ వస్తుంది?

మన పెద్దలు ప్రభుత్వం కోసమే ఎదురుచూడలేదని కూడా గుర్తు చేస్తాను. 1964లో కామారెడ్డిలో డిగ్రీ కళాశాల వెలసిందంటే చుట్టుపక్కల రైతులు, వర్తకులు తలా ఇంత వేసుకున్నారు కనుకనే. బెల్లం బండ్ల మీద బతికిన ఊరు అది. వారిలో చాలామంది కాలేజీ మెట్లెక్కినవారు కారు.

మనం చందాలు వేసుకోవాలని నేను అడగడం లేదు. మన వద్ద ఉన్నది అనుభవం. మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, ఇద్దరేసి సభ్యులు ఒక్కో బడిని ఎంచుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. గ్రాంటు ఖర్చు చూసే అధికారం వారిది. క్యాష్‌బుక్కు ఎలా రాయాలో, వినియోగ ధ్రువపత్రం ఎలా పంపాలో తెలియక ఇబ్బందిపడే కమిటీకి, ప్రధానోపాధ్యాయునికి మనం తోడుండాలి. తనిఖీ అధికారుల్లాగా కాదు, ఇంటి పెద్దల్లాగా వెళ్దాం.

రెండవది, మునిసిపల్ బడ్జెట్టుకు ముందు, గ్రామసభకు ముందు వినతిపత్రం ఇద్దాం. బడికి నీటి కనెక్షను, మురుగు కాలువ, చెత్త ఎత్తడం, ఈ మూడింటికి పద్దు చూపించమందాం. అడిగే ముందు మన ఇంటి పన్ను మనం కట్టి ఉండాలి. ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు కూడా.

మూడవది, ఫలితాలు వచ్చినపుడు శాతం మాత్రమే గాక, తొమ్మిదిలో ఎందరు, పరీక్ష రాసినవారెందరు, గట్టెక్కినవారెందరు అని బడివారీగా ఈ పత్రికలోనే ప్రకటిద్దాం.

పైసలు పెడితే మార్కులు వస్తాయా అని కొందరు మిత్రులు అడిగారు. నేరుగా రావు. కాని మరుగుదొడ్డిలో నీళ్లు లేకుంటే ఎదిగిన ఆడపిల్ల నెలకు నాలుగు రోజులు బడి మానుతుంది. ఆ నాలుగు రోజుల్లో చెప్పిన లెక్కలు ఆమెకు మళ్లీ ఎవరు చెబుతారు? నల్లా మరమ్మతుకైన బిల్లు చిన్నదే, ఆమెకు కలిగే నష్టం పెద్దది.

నెలనెలా మనకు పింఛను వస్తున్నది ఈ ప్రజల సొమ్ము నుండే. నెలకు ఒక్క పూట వారి పిల్లల బడికి ఇద్దాం. రానున్న విద్యా సంవత్సరానికి ముందే బడుల జాబితా తయారు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.