బడిలోని తెలుగు, ఇంటిలోని తెలుగు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజులలో, విద్యార్థుల పరస్పర మార్పిడి ఏర్పాటు క్రింద నేను మూడు నెలలు మారిషస్ ద్వీపంలో గడిపాను. ఆ అనుభవాలు చెప్పమని ప్రధానోపాధ్యాయుల ఆదేశం. విమానాన్ని, సముద్రాన్ని వర్ణించి మీ కాలాన్ని హరించను. అక్కడి తరగతి గది గురించి మాత్రమే మనవి చేస్తాను.

1834 నుండి దాదాపు తొమ్మిది దశాబ్దాల కాలంలో ఇంచుమించు నాలుగున్నర లక్షల మంది భారతీయులు చెరకు తోటల కూలీలుగా ఆ ద్వీపానికి చేరారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ 'కొరంగీలు' అని పిలిచేవారు. నేటికీ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ గడ్డ మీదనే. ఇవన్నీ చదువుకొని, తెలుగు గలగలా వినిపించే ఊరికి పోతున్నానని నమ్మి వెళ్ళాను. నా తెలివితక్కువతనం మొదటి ఉదయమే బయటపడింది.

ఉదయం పూట రొట్టె, తేనీరు. దారిలో ఎవరు ఎదురైనా క్రెయోల్ భాషలో 'బోంజూర్' అని పలకరింపు. తరగతి గదిలో పుస్తకాలు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో ఉండేవి. భారతీయ భాషల పీరియడు గంట మ్రోగగానే ఒకే తరగతి పిల్లలు విడిపోయి హిందీకి ఒకరు, తమిళానికి ఒకరు, ఉర్దూకు ఒకరు చొప్పున వేర్వేరు గదులకు వెళ్ళేవారు. తెలుగు గదికి పదకొండుమంది వచ్చారు. చేతులు కట్టుకొని 'నమస్కారం మిస్' అన్నారు. ఎంత చక్కని ఉచ్చారణ! నాకు కన్నీరు ఆగలేదు. విరామానికి గంట కొట్టగానే ఆ పదకొండుమందీ క్రెయోల్‌లో కేకలు వేస్తూ మైదానంలోకి పరుగెత్తారు. తెలుగు వారికి అరగంట పాఠం. ఇంటి వద్ద తల్లి అన్నం పెట్టేటప్పుడు వినిపించే మాట కాదు.

రెండు వారాలు వెనుక బల్ల మీద కూర్చొని పాఠాలు గమనించాను. మూడవ వారం నా మొదటి పాఠం. రాత్రంతా మేలుకొని పాఠ్య ప్రణాళిక వ్రాసి, బొమ్మలు గీసుకొని వెళ్ళాను. కంగారులో మన సూళగిరి మాటే నోట వచ్చింది. "ఏం నాయనా, తినిండావా?" అని ఒక బాలుణ్ణి అడిగాను. వాడు లేచి ఎంతో మర్యాదగా, "మిస్, తిన్నావా అని కదా పుస్తకంలో ఉన్నది?" అన్నాడు. మార్గదర్శక ఉపాధ్యాయిని నవ్వు ఆపుకొన్నారు. పుస్తకమే వాడికి తెలుగు దేశం. అది తప్ప వేరే ఊరు వాడికి లేదు. తెలుగు ఊళ్ళెన్నో ఉన్నాయనీ, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పలుకు ఉన్నదనీ ఆ పీరియడంతా చెప్పాను. వ్రాసుకొన్న ప్రణాళిక సంచిలోనే ఉండిపోయింది. సాయంత్రం దానికి తగిన చీవాట్లు పడ్డాయి!

నేను బస చేసిన ఇంటిలో డెబ్బై దాటిన ఒక అవ్వ ఉండేది. శనివారం నాడు దోల్‌పూరీ చేసి నాకు ముందు పెట్టేది. మన ఓళిగలో బెల్లం వేయడం మరచిపోయినట్లుండేది గాని, కూరతో కలిపి తింటే రుచిగానే ఉండేది. ఆమెకు రామభజన పాటలు ఎన్నో కంఠస్థం. పాటలు వ్రాసుకొన్న నోటు పుస్తకం నాకు చూపించింది. తెలుగు పాటలు, ఫ్రెంచివారి అక్షరాలు! తన తాత పాడినవి, తండ్రి పాడినవి, చెవికి వినబడినట్లు వ్రాసిపెట్టుకొన్నది. ఒక్కొక్క చరణం చూపి, మనుమరాలి ద్వారా అర్థం అడిగేది. బ్రతుకంతా పాడిన పాటకు అర్థం ఆ వయసులో తెలుసుకొంటున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

రాత్రులు కూర్చొని ఆ పాటలను తెలుగు లిపిలో వ్రాసి ఇచ్చాను. నేను బయలుదేరే ముందు రోజు, బడిలో నాలుగవ తరగతి చదివే ఆ మనుమరాలు ఒక పాటను వేలుపెట్టి, కూడబలుక్కొని చదివింది. అవ్వ ఆ కాగితం మీద అక్షరాలను తడిమి చూసింది. ఏమీ మాట్లాడలేదు.

పెద్దలారా, ఇక మన ఊరికి వస్తాను. ఇక్కడ పరిస్థితి దానికి తలక్రిందులు. కొత్తిమీర కట్టలు బేరమాడేది తెలుగులో, జోల పాడేది తెలుగులో, పోట్లాడుకొనేది మరీ ముఖ్యంగా తెలుగులో. అది బడి నుండి జారిపోతున్నది. 2006 నాటి తమిళం నేర్చుకొనే చట్టం ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున ప్రాకి 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. తమిళం నేర్వడం మనకు నష్టమని నేను అనను. తమిళం వచ్చు గనుకనే ఈ జిల్లాలో ఏ కార్యాలయానికైనా ధైర్యంగా వెళ్ళగలుగుతున్నాను. అయితే దానితోపాటు తెలుగు కూడా నేర్పించమని అడగవలసిన తల్లిదండ్రులే, ఇంటిలో మాట్లాడుతున్నాం గదా, చాలదా అంటున్నారు. హోసూరు వైపు వెళ్ళే ఇంగ్లీషు బడి వ్యాను తెల్లవారుజామునే వాకిట నిలుస్తున్నది. ఆ తల్లిదండ్రులను నేను నిందించలేను. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో వారికి తెలుసు.

అయినా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన సంక్రాంతికి మా వీధి యువకుడొకడు, ఇంజనీరు, అటకమీద దొరికిన తన తాతగారి లెక్కల పుస్తకం తెచ్చి, "అక్కా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అన్నాడు. తెలుగు తప్ప వేరే మాట లేని ఇంటి బిడ్డ. మారిషస్ అవ్వ చేతిలో అర్థం తెలియని పాట ఉండేది. ఇతని చేతిలో ఉన్నది తన సొంత తాత చేవ్రాలు.

రాగుల లెక్కలు, ఎద్దుల బేరం, చీటీ బాకీలు చదువుతూ పోయాను. నడుమ ఒక పుటలో ఇలా ఉన్నది: "బడి కొట్టం కప్పుకు ఇచ్చినది - రూ. 2."

ఆ కొట్టం ఈ బడిదే. ఆ సంగతి అతనికి ఆ రోజే తెలిసింది. నాకూ ఆ రోజే తెలిసింది.